మూడు టన్నుల మాట

శనివారం ఆఫీసులో ఇచ్చిన కాగితాన్ని ఇంజనీరమ్మాయి ఆదివారం మధ్యాహ్నం దాకా సంచిలోనే దాచింది. నాన్న పొద్దుటి మోత ముగించుకుని రావాలి, స్నానం చేయాలి, భోజనం చేయాలి, అప్పుడు చూపించాలి. మంచి కబురు ఖాళీ కడుపుతో వినకూడదని ఆ ఇంట్లో ఒక నమ్మకం.

నాలుగు మడతల దళసరి కాగితం అది. ముందువైపు నాచురంగు బండి ఒకటి రాళ్ళగుట్ట ఎక్కుతోంది. వెనక ట్రెయిలర్, దాని మీద పడవ. పక్కన బొటనవేలంత అక్షరాలతో ఒకే ఒక్క మాట: ‘మూడు టన్నులు లాగుతుంది.’

మాట ప్రచార విభాగం వాళ్ళదే గానీ అందులోని అంకె ఆమెది. కార్ల కంపెనీ పరీక్షల యార్డులో చేరిన ఎనిమిది నెలలకు ఆమెకు పూర్తిగా అప్పగించిన మొదటి పని ఇది. రాళ్ళలో రప్పల్లో నడవడానికి చేసిన కొత్త ఎస్‌యూవీ తన వెనక ఎంత బరువును క్షేమంగా లాగగలదో తేల్చాలి. పదకొండు రోజులు ఎండలో నిలబడి తేల్చింది. కాగితాల మీద సంతకం పెట్టింది. ఇప్పుడు చేతిలో ఉన్నది నమూనా; సోమవారం మధ్యాహ్నం ఈ ప్రచార కాగితం అచ్చుకు వెళుతుంది. ఇంకో నాలుగు నెలల్లో ఆమె ఉద్యోగం ఖాయమవుతుందో లేదో తేల్చే కాగితం కూడా ఒక రకంగా అదే. తాత ముత్తాతల నుంచి లెక్కపెట్టినా ఆ ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే.

“నాన్నా, ఇది చూడు.”

నాన్న కడుక్కున్న చేతుల్నే చొక్కాకు మళ్ళీ తుడుచుకుని, మరక పడుతుందేమోనని అంచులు మాత్రం పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా సరుకుల షెడ్డులో హమాలీ ఆయన. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు గానీ అంకెలు మాత్రం గడగడా వచ్చు. బస్తాల మీద ఉండేవి అవే కదా.

“ఇదేనా నీ బండి?”

“నాదెక్కడిది, కంపెనీది. లాగే లెక్క మటుకు నాది. మూడు టన్నులు.”

“మూడు టన్నులే! అంటే యాభై కిలోల మూటలు అరవై. మా ముఠా నలుగురం పొద్దుట మొదలెడితే టీ వేళకు తేలేది. ఇది ఒక్కసారే లాగుతుందా?”

“ఒక్కసారే. అదీ కొండ మీదికి.”

అమ్మ కుట్టుమిషను దగ్గర్నుంచి తల తిప్పకుండానే అంది. “ఆ బండిని కూడా మీ ముఠాలో చేర్చుకోండి. రోజూ మీ నడుము నొప్పి గోల నాకు తప్పుతుంది.”

“చేర్చుకోవచ్చు. కానీ అది టీ తాగదు, కబుర్లు చెప్పదు, మేస్త్రీని వెనకాల తిట్టదు. దాంతో పనిచేస్తే సరదా ఏముంటుందే?”

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ ఉత్సాహంలో ఆమె ఫోను తీసి యార్డులో తీసిన ఫోటోలు కూడా చూపించింది. ట్రెయిలర్ మీద వరసగా పేర్చిన ఇసుక బస్తాలు, మీద వల, వలకు తాళ్ళు, తాళ్ళ ముడికి బిళ్ళంత సీసపు సీలు. నాన్న బండి ఉన్న ఫోటోలను తొందరగా తోసేసి, బస్తాలున్న రెండు ఫోటోల దగ్గర ఆగిపోయాడు. ముందుకు ఒకసారి, వెనక్కు ఒకసారి జరిపి చూశాడు.

“అమ్మడూ, ఈ రెండింట్లో ఉన్నవి ఒకే బస్తాలా, వేరేవా?”

“ఒకటే నాన్నా. అది మొదటి రోజు, ఇది ఆఖరి రోజు.”

“మధ్యలో ఎవరూ తాకలేదా?”

“తాకితే సీలు తెగుతుందిగా. తెగలేదు.”

“సీలు సరే. మొదటి రోజుకు ముందు వాన పడిందా?”

ఆమె ఆలోచించింది. పడింది. ముందురోజు సాయంత్రం గంటసేపు కుండపోత. బస్తాలు ఆరుబయటే ఉన్నాయి. అదే చెప్పింది.

“అదీ సంగతి. ఇందులో బస్తా నల్లగా, నిక్కి కూర్చుంది చూడు, విందు భోజనం చేసినవాడిలా. ఈ ఆఖరి రోజుదాంట్లో తెల్లబడి భుజాలు జారేసింది. అది తడి ఇసుక. ఇది పొడి ఇసుక. ఎప్పుడు తూచారు?”

ఆమె ఫోను మీదికి వంగి రెండు ఫోటోలనూ మార్చి మార్చి చూసింది. “మొదటి రోజు,” అంది.

“తేడా ఎంతుంటుంది నాన్నా?” అని మళ్ళీ ఆమే అడిగింది.

నాన్న కళ్ళు మూసుకుని కుడి భుజాన్ని ఒకసారి పైకీ కిందికీ కదిపాడు. మనుషులు నోట్లో లెక్కపెట్టుకున్నట్టు ఆయన భుజం మీద లెక్కపెట్టుకుంటాడు. “నలభై కిలోల బస్తా అయితే మూడు కిలోలు. కాస్త ఇటూ అటూ. వాన పడ్డ మర్నాడు ఇసుక ఎత్తాలంటే మేం మేస్త్రీతో పేచీ పెట్టుకునేది అందుకే.”

ట్రెయిలర్ సొంత బరువు పోను దాని మీద ఉన్నవి నలభై కిలోల బస్తాలు అరవై. నూట ఎనభై కిలోలు.

యార్డులో ఒక పద్ధతి ఉంది. ట్రెయిలర్ నింపాక కాటా మీద తూచి, వల కట్టి, సీలు వేస్తారు. ఆ తర్వాత పరీక్షలన్నీ అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. ముందు చదునునేల మీద బ్రేకుల పరీక్షలు, చిట్టచివర కొండ పరీక్షలు. ఫారంలో ‘పరీక్షకు ముందు బరువు’ అని ఒక గడి, ‘పరీక్ష తర్వాత బరువు’ అని ఇంకో గడి ఉంటాయి. రెండో గడి కోసం ట్రెయిలర్‌ను మళ్ళీ కాటా దాకా తీసుకెళ్ళడం ఆ యార్డులో ఎవరికీ అలవాటు లేదు. సీలు తెగలేదంటే బరువు మారలేదనే లెక్క. కాబట్టి అందరూ అక్కడ ‘డిటో’ అని రాస్తారు. ఆమె కూడా రాసింది, గుండ్రంగా, శ్రద్ధగా, పదో తరగతి పరీక్షలో రాసినట్టు.

పదకొండు రోజుల ఎండలో నీళ్ళు సీలును అడగకుండానే వెళ్ళిపోయాయి. చివరి రెండు రోజుల్లో కొండ మీద ఆ బండి లాగింది మూడు టన్నులు కాదు.

నాన్నకు కూతురి మొహం చూశాక భయం పట్టుకుంది. “నేనేమన్నా అనరాని మాటన్నానా? మోతగాడి మాటలే అమ్మడూ, పట్టించుకోకు. అంత పెద్ద బండి నూట ఎనభై కిలోలను లెక్కచేస్తుందా?”

“చేస్తుంది నాన్నా. కొండ ఎక్కేటప్పుడు గేర్‌బాక్సు నూనె కాగుతుంది. అది ఎంత కాగిందో చూసే కదా మూడు అన్నాను. నా మాట నమ్మి ఎవరో మూడు టన్నుల పడవ తగిలించుకుంటారు. వెనకసీట్లో పిల్లలుంటారు. సగం కొండలో గేర్‌బాక్సు చేతులెత్తేస్తే వెనకున్న బరువే బండిని కిందికి లాక్కుపోతుంది.”

అమ్మ మిషను ఆపేసింది. “మరి చెబితే నీ ఉద్యోగం?”

చేయని తూకం చేసినట్టు రాసి సంతకం పెట్టడం చిన్న తప్పు కాదు. ఉద్యోగం ఖాయం కానివాళ్ళను ఇంతకన్నా చిన్న తప్పులకే పంపించేశారని విన్నది.

నాన్న కాగితాన్ని మడతల ప్రకారం మడిచి ఆమె చేతికిచ్చాడు. తర్వాత అన్నాడు. “మా ముఠాలో కొత్తవాడికి మోత కన్నా ముందు ఒకటి నేర్పుతాం. మూట జారుతుంటే గట్టిగా అరవాలి. నామోషీ పడి పళ్ళ బిగువున పట్టుకుని వెళ్ళాడనుకో, కింద నిలబడ్డవాడి కాలు విరుగుతుంది. అరిస్తే మహా అయితే నలుగురు నవ్వుతారు. అంతే.”

అంతకు మించి ఆయన సలహా ఏమీ ఇవ్వలేదు.

* * *

సోమవారం పొద్దున్నే ఆమె యార్డుకు చేరేసరికి డ్రైవర్ బాబాయ్ బండి అద్దాలు తుడుస్తున్నాడు. పరీక్ష బండ్లు నడపడంలో పాతికేళ్ళ అనుభవం. సీలు వేసేది ఆయనే. యార్డంతా ఆయన్ను ‘సీలు దొర’ అంటుంది. ఆమెకు మాత్రం చేరిన రోజు నుంచీ బాబాయే.

“బాబాయ్, ట్రెయిలర్ని ఒకసారి కాటా ఎక్కిద్దాం.”

“ఎందుకు? పరీక్ష అయిపోయిందిగా. నా సీలు మీద అనుమానమా?”

“మీ సీలు మీద కాదు. ఇసుక మీద.”

“ఇసుకకు కాళ్ళొచ్చి దిగి వెళ్ళిపోయిందా?” అంటూనే ఆయన బండి తీశాడు. మూతి ముడుచుకున్నాడు గానీ తీశాడు. అందుకు ఆమె మనసులోనే ఒక దణ్ణం పెట్టుకుంది.

కాటా గదిలో ఎర్ర అంకెలు అటూ ఇటూ ఊగి ఊగి ఆగాయి. రెండు వేల ఎనిమిది వందల పది.

బాబాయ్ కిటికీలోంచి మెడ సాచి చూశాడు. దిగి, సీలు దగ్గరికి వెళ్ళి బొటనవేలితో తడిమాడు. చెక్కుచెదరలేదు. మళ్ళీ వచ్చి అంకె చూశాడు. “నూట తొంభై కిలోలు ఏమయ్యాయి తల్లీ?”

“ఆవిరయ్యాయి బాబాయ్. మనం తడి ఇసుకను తూచాం.”

ఆయన తలెత్తి ఎండ వైపు చూశాడు. “పాతికేళ్ళుగా దొంగల కోసమే సీలు వేశాను. ఎండ కూడా దొంగేనని తట్టలేదు,” అన్నాడు. “ఇది ఎవరికీ తెలీదుగా ఇంకా?”

“మనిద్దరికీ తెలుసు. ఇప్పుడు సారుకు తెలుస్తుంది.”

“నువ్వే చెబుతావా? పద, నేనూ వస్తా. సీలు నాది కదా.”

పరీక్షల విభాగం పెద్దకు ఆ యార్డులో ‘దశాంశం సారు’ అని పేరు. ఎవరైనా పన్నెండు అంటే, పన్నెండు పాయింటు ఎంత అని అడిగే మనిషి. ఇంట్లో చాయ్‌లో చక్కెర కూడా దశాంశాల్లోనే వేయించుకుంటాడని బాబాయ్ అంటుంటాడు. ఆయన గదిలో ఆ పొద్దున ప్రచార విభాగం మనిషి కూడా ఉన్నాడు, అచ్చుకు వెళ్ళే కాగితం మీద ఆఖరి సంతకం కోసం.

ఆమె కాటా చీటీ బల్ల మీద పెట్టింది. మధ్యలో ఎక్కడా ఆగకుండా చెప్పింది. వాన సంగతి, ఎండ సంగతి, కొండ పరీక్షలు పొడి ఇసుకతో జరిగిన సంగతి. “రెండో గడిలో డిటో అని రాసింది నేనే సార్. తూచకుండా రాశాను.”

“తేడా ఎంత?” అన్నారు సారు.

“నూట తొంభై కిలోలు.”

“సరిగ్గా నూట తొంభయ్యేనా?”

“మన కాటా పది కిలోల చొప్పునే చూపిస్తుంది సార్.”

“అయితే నూట ఎనభై అయిదుకూ నూట తొంభై అయిదుకూ మధ్య.” ఆయన రాసుకున్నారు.

ప్రచారం మనిషి కుర్చీలో ముందుకు జరిగాడు. “సార్, మధ్యాహ్నం అచ్చుకెళ్ళాలి. అవతలి కంపెనీ వాళ్ళు మూడు అంటున్నారు. మనం రెండు పాయింటు ఎనిమిది అంటే సగం మీసం గొరిగించుకున్నట్టు ఉంటుంది. అసలు సీలు తెగలేదు, కాగితాలు సరిగ్గా ఉన్నాయి. ఎవరడుగుతారు?”

“పాయింటు ఎనిమిదిని చిన్నచూపు చూడకండి,” అన్నారు సారు, చీటీ మీంచి కళ్ళెత్తకుండా. తర్వాత ఆమెను అడిగారు. “నువ్వు చెప్పకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదు. నీకెలా తట్టింది?”

“నాకు తట్టలేదు సార్. మా నాన్న ఫోటో చూసి చెప్పారు.”

“ఆయన ఇంజనీరా?”

ఉద్యోగం దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అన్నచోట ఆమె ‘సరుకుల రవాణా విభాగం’ అని రాసింది. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఇవాళ ఒక డిటో ఎలాగూ బయటపడింది, ఇంకొకటి దాచుకుని ఏం లాభం?

“హమాలీ సార్. ముప్ఫై ఏళ్ళుగా బస్తాలు మోస్తున్నారు. ఫోటో చూసి బస్తాకు మూడు కిలోలు తేడా అన్నారు.”

సారు కాగితం మీద భాగహారం వేశారు. నూట తొంభైని అరవైతో. “మూడు పాయింటు ఒకటి ఆరు ఆరు,” అన్నారు. ఆ గొంతులో ఆమె ఎన్నడూ వినని మర్యాద ఉంది. “మన కాటా కన్నా నయం.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “చూడమ్మా. చేసింది తప్పే. నేను కాదనను, నీ ఫైల్లో రాస్తాను కూడా. దాని కిందనే ఇంకో మాట రాస్తాను. ఆ గడిలో డిటో అని నేను ఇరవై రెండేళ్ళు రాశాను. నన్ను చూసి వీళ్ళందరూ రాశారు. నీకు నేర్పిందీ మేమే.” ఇలా అని బాబాయ్ వైపు తిరిగారు. “ఇంతకుముందు ఇనుప దిమ్మెల తూనికలు వాడేవాళ్ళం కదా, అవెక్కడ?”

“క్రేన్ సెక్షను వాళ్ళు పట్టుకెళ్ళారు సార్, ఈ ఏడాదే. అందుకే ఇసుక తెచ్చాం.”

“వెనక్కి తెప్పించు. రేపు కొండ పరీక్ష మళ్ళీ చేద్దాం, నిజం మూడు టన్నులతో. అచ్చు ఆపండి,” అని ప్రచారం మనిషితో చెప్పి, ఆమె వైపు చూశారు. “మీ నాన్నగారు రేపు రాగలరా? గేటు పాసు నేను రాయిస్తాను. మా వాళ్ళకు బరువు ఎక్కించడం వచ్చు, చూడటం రాదు.”

గది బయటికి వచ్చాక ఆమె మెట్ల మీద కూర్చుండిపోయింది. బాబాయ్ పక్కనే నిలబడి, “ఏడిస్తే ఇప్పుడే ఏడ్చెయ్ తల్లీ. రేపు లెక్కలు రాసుకోవాలి, కాగితాలు తడిస్తే మళ్ళీ బరువు మారుతుంది,” అన్నాడు. ఆమెకు ఏడుపు బదులు నవ్వొచ్చింది.

* * *

మంగళవారం నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. గేటు దగ్గర పాసు చొక్కాకు తగిలించుకుని దాన్ని రెండుసార్లు సరిచేసుకున్నాడు. ఇంజనీర్ల మధ్య అయిదు నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తూనికలు రావడంతోనే ఆ చేతులు విడిపోయాయి.

“అట్లా కాదు బాబూ, వెనక బరువెక్కితే ట్రెయిలర్ ముక్కు లేస్తుంది. బండి తోక పట్టుకుని ఊపేస్తుంది. ఇరుసుకు కాస్త ముందుకు రానివ్వండి. ఆఁ, అంతే. ఇంక చాలు, కొక్కెం మీద మరీ కూర్చోకూడదు.”

ఇవన్నీ ఆమె పుస్తకంలో చదివినవే. బండినీ ట్రెయిలర్‌నూ కలిపే కొక్కెం మీద మొత్తం బరువులో పదోవంతుకు మించి పడకూడదని, మరీ తగ్గితే ట్రెయిలర్ ఊగుతుందని సూత్రం కూడా వచ్చు. ఆ సూత్రాన్ని ఇంట్లోనే భుజం మీద వేసుకుని తిరిగే మనిషి ఉన్నాడని మాత్రం నాలుగేళ్ళ చదువులో ఒక్కసారీ అనుకోలేదు.

బాబాయ్ మొదట దూరంగా నిలబడ్డాడు. నాన్నే దగ్గరికెళ్ళి సీలు చూసి, “ముడి మాత్రం గట్టిది తమ్ముడూ. మా షెడ్డులో ఇట్లాంటి ముడి వేసేవాడు లేడు,” అన్నాడు. ఆ ఒక్క మాటతో బాబాయ్ పొంగిపోయాడు. పావుగంటలో ఇద్దరూ కలిసి ఈ కాలపు తాళ్ళ నాసితనం గురించి తిట్టిపోస్తున్నారు.

కాటా మీద సరిగ్గా మూడు వేలు చూపించింది. ఇనుము నీళ్ళు తాగదు.

పరీక్ష నియమం ప్రకారం బండిలో సీట్లన్నీ నిండి ఉండాలి, మనిషికి డెబ్బై అయిదు కిలోల చొప్పున. దాని కోసం నీళ్ళు నింపిన బొమ్మలుంటాయి. వాటిలో ఒకటి అడుగున కారుతోందని అప్పుడు బయటపడింది. నీళ్ళతో మరోసారి మోసపోవడానికి దశాంశం సారు సిద్ధంగా లేరు. చుట్టూ చూశారు.

“మీ బరువెంత?” అని నాన్నను అడిగారు.

“యాభై ఎనిమిది సార్.”

“యాభై ఎనిమిది పాయింటు?”

నాన్న కూతురి వైపు అయోమయంగా చూశాడు. ఆయన్ను కాటా గదిలోని చిన్న తూకం మీద నిలబెట్టారు. సరిగ్గా యాభై ఎనిమిది. తక్కువైన పదిహేడు కిలోలకు చేతిపిడి ఉన్న ఇనుప తూనిక ఒకటి తెచ్చి, ఆయన వెనకసీట్లో కూర్చున్నాక ఒళ్ళో పెట్టి, బెల్టు కట్టారు.

“ముప్ఫై ఏళ్ళు నేను బరువు మోశా. ఇవాళ నేనే బరువునయ్యా. ఎంత హాయిగా ఉందో!” అన్నాడు నాన్న, సీటు మెత్తదనాన్ని అరచేత్తో నొక్కి చూస్తూ. “వీళ్ళు బస్తాలకు ఇట్లాంటి సీట్లు వేస్తారని తెలిస్తే ఎప్పుడో బస్తాగా పుట్టేవాణ్ణి.”

బాబాయ్ స్టీరింగు దగ్గర, ఆమె పక్కసీట్లో ఒళ్ళో నూనె వేడిని అంకెల్లో చూపించే యంత్రంతో. మొదటి పరీక్ష: వాలు మీద ఆగి, అయిదు నిమిషాల్లో అయిదుసార్లు కదలాలి. ప్రతిసారీ ట్రెయిలర్ వెనక్కి గుంజుతుంది, కొక్కెం కటకటమంటుంది, బండి ఒక్కక్షణం ఊపిరి బిగపట్టి ముందుకు సాగుతుంది. అయిదూ అయ్యాయి. సారు కింద నిలబడి చెయ్యెత్తారు.

రెండోది అసలుది. యార్డు వెనక కొండదారి, ఎడతెగని ఎక్కుడు. దారంతా గేర్‌బాక్సు నూనె వేడి నూట ముప్ఫై డిగ్రీలు దాటకూడదు. పోయినసారి కొండ శిఖరానికి చేరేసరికి నూట ఇరవై ఆరు చూపించింది. ఆ అంకెను నమ్మే ఆమె మూడు అంది.

సగం దారిలో నూట ఇరవై. మూడో మలుపులో నూట ఇరవై అయిదు. నాన్నకు ఆ అంకెలు ఏమిటో తెలియదు గానీ కూతురి మెడ బిగుసుకోవడం వెనకనుంచి కనిపిస్తోంది.

నూట ఇరవై తొమ్మిది. శిఖరం ఇంకా రెండు మలుపుల దూరం.

“కాస్త నెమ్మదిగా పోతే సరిపోతుందేమో తల్లీ,” అన్నాడు బాబాయ్ గొంతు తగ్గించి. ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు. నెమ్మది చేస్తే నూనె చల్లబడుతుంది, మూడు టన్నులు నిలబడుతుంది, అచ్చయ్యే కాగితం అలాగే ఉంటుంది. అంత ప్రేమతో ఇచ్చిన అవకాశాన్ని కాదనడం కష్టమే.

“నియమంలో ఉన్న వేగమే పోనివ్వండి బాబాయ్.”

నూట ముప్ఫై ఒకటి.

“దాటింది. ఆపండి,” అంది ఆమె. తన గొంతు అంత నిబ్బరంగా పలుకుతుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

బండిని దారిపక్క చదునులోకి తీసి ఆపారు. బానెట్ మీంచి వేడిగాలి అలలు అలలుగా లేచింది. సారు వెనక వస్తున్న జీపులోంచి దిగి అంకె చూశారు. ప్రచారం మనిషి కూడా దిగి, అంకె చూసి, ఆ తర్వాత కిందికి జారిపోతున్న దారినీ, దాని పక్కనున్న లోయనూ చూశాడు. ఆయన మళ్ళీ మీసం మాట ఎత్తలేదు.

“మూడు కాదు,” అన్నారు సారు.

“కాదు సార్. పోయినసారి పరీక్ష రెండు వేల ఎనిమిది వందల పదితో జరిగినట్టు. దానికి నూట ఇరవై ఆరే వచ్చింది. కాబట్టి ఆ పరీక్ష వృథా కాలేదు. రెండు వేల ఎనిమిది వందలకు ఈ బండి నిలబడుతుంది. దానికి సంతకం పెడతాను.”

“పెట్టు. వచ్చే నెల కొత్త వ్యాను వస్తోంది. దానికీ లాగుడు పరీక్ష నువ్వే చేస్తావు. ఇవాళ్టినుంచి తర్వాత బరువు తూచకుండా నా బల్ల మీదికి ఏ ఫారమూ రాకూడదు. ఆ ఆర్డరు కూడా నువ్వే రాసి తీసుకురా.”

ఆమెకు ఒక్కక్షణం అర్థం కాలేదు. వచ్చే నెల అన్నారు. అంటే వచ్చే నెల తను ఇక్కడే ఉంటుంది. బాబాయ్ ఆమె భుజం తట్టి, “నోరు మూసుకోమ్మా, ఈగ దూరుతుంది,” అన్నాడు.

సారు వెనక తలుపు తెరిచి నాన్న వైపు వంగారు. “మీకు కృతజ్ఞతలు చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియడం లేదు.”

“అయ్యో, నాకెందుకు సార్? నేను ఫోటో చూశాను, అంతే. మీ ముందుకొచ్చి నిలబడి చెప్పింది అమ్మాయి. అది నాకైతే చేతకాదు.” ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే కొండ వైపు మొహం తిప్పుకున్నాడు.

సారు జీపు దగ్గరికి వెళ్ళాక ఆమె తండ్రి బెల్టు విప్పింది. గంటసేపు ఇనుము ఒళ్ళో పెట్టుకుని ఆయన కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

“థాంక్స్ నాన్నా.”

ఆ ఇంట్లో ఎవరికెవరూ ఆ మాట అనుకున్నవాళ్ళు కాదు. నాన్నకు ఏం చేయాలో తోచక చొక్కా మీది పాసును మరోసారి సరిచేసుకున్నాడు. “ఆ, సరేలే. మీ అమ్మతో ఈ సీటు సంగతి చెప్పకు, కుళ్ళుకుంటుంది.”

“తూనిక ఇటివ్వు.”

“వద్దమ్మా, బరువుంటుంది. నేను దిగాక తెస్తాగా.”

ఆయన ఎప్పుడూ అంతే. బడి సంచి కూడా మోయనిచ్చేవాడు కాదు. షెడ్డుకు వెళ్ళే దారిలో ఒక భుజం మీద తువ్వాలు, ఇంకో భుజం మీద ఆమె పుస్తకాలు. అట్లా పదేళ్ళు. ఆమె చెయ్యి చాచి అలాగే నిలబడింది. ఆయన కూతురి మొహం చూశాడు, చెయ్యి చూశాడు. తూనికను సీటు అంచుకు జరిపాడు.

“సరే, తీసుకో. నడుము వంచకు. మోకాళ్ళు వంచు. వంటికి ఆనించుకుని లేవాలి, దూరంగా పట్టుకోకూడదు. ఆఁ, అట్లా.”

ఆమె మోకాళ్ళు వంచి, వంటికి ఆనించుకుని, లేచింది.